వెనక్కి తిప్పి చూసేవాళ్లు

మొన్న సంక్రాంతి సెలవల్లో మా ఇంటికి భోజనానికి వచ్చిన కాలేజీ సీనియర్ ఒకాయన, హాల్లో గోడకున్న బొమ్మ దగ్గర ఆగి, "తమ్ముడూ, దీన్ని ఒకసారి దించొచ్చా?" అన్నాడు. దించాడు. డైనింగ్ టేబుల్ మీద బోర్లా పెట్టాడు. ఫ్రేము వెనక క్లిప్పులు తీసి, ఫోన్ టార్చి వేసి కాగితం వీపంతా చూశాడు. అంచు మీద వేలితో రాశాడు. లైటుకి అడ్డంగా పట్టుకుని చూశాడు. మళ్లీ క్లిప్పులు బిగించి గోడకి తగిలించి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చుంటూ తీర్పు చెప్పాడు.

"రీకట్. కలెక్టబుల్ కాదు. ఎంత పెట్టావ్?"

చెప్పాను.

"పర్లేదులే, ఫ్రేముకి సరిపోయింది అనుకో."

ఆయన మంచివాడే. జపనీస్ చెక్క అచ్చు బొమ్మల పిచ్చి నాకు అంటించిందే ఆయన. తన దగ్గర ఓ నలభై దాకా ఉన్నాయి, అన్నీ ఆసిడ్ లేని అట్టల మధ్య, బీరువాలో. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు. డబ్బు గురించి కాదు. ఆ పది నిమిషాల్లో ఆయన ఆ బొమ్మ ముఖం వైపు చూసింది అంతా కలిపి ఐదు సెకన్లు ఉండదు. ఆ బొమ్మలో ఒక రేవు ఉంది. తెల్లవారుతోంది. నీళ్ల మీద పడవలున్నాయి. మా అమ్మ దాన్ని మొదటిసారి చూసినప్పుడు కాసేపు నిలబడి, "ఆ పడవలు వస్తున్నాయా, పోతున్నాయా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను. కానీ బొమ్మని అడగాల్సిన ప్రశ్న అది.

ఇది మా సీనియర్ ఒక్కడి మీద ఫిర్యాదు కాదు. "కలెక్టబుల్" అనే మాటతో నాకున్న తగువు. ఈ మధ్య మన వయసు వాళ్ల గ్రూపుల్లో ఆ మాట తెగ తిరుగుతోంది. స్నీకర్లు, వినైల్ రికార్డులు, వాచీలు, ఇప్పుడు ఉకియో-ఎ. షేర్లు, బంగారం, ఫ్లాటు తర్వాత ఇంకేం కొనాలో తోచనప్పుడు కళ గుర్తుకొస్తుంది కాబోలు. ఎవరేం కొనుక్కుంటే నాకేం గానీ, చెక్క అచ్చు బొమ్మ విషయంలో మాత్రం ఆ మాట ఒక పచ్చి అబద్ధం మీద నిలబడి ఉంది. అది ఆ కళని బతికించడం లేదు సరికదా, దాని పీక నొక్కుతోందని నా అనుమానం.

ముందు బొమ్మ సంగతి. దాని పేరు "షినగావా". గీసింది ఉతాగవా హిరోషిగే. 1833-34 ప్రాంతంలో హోఎయిదో అనే ప్రచురణ సంస్థ వేసిన "తోకైదో 53 మజిలీలు" వరుసలోది. ఎదో నగరం నుంచి, అంటే ఇవాళ్టి టోక్యో నుంచి, క్యోతో దాకా ఎక్కువ భాగం సముద్రం ఒడ్డునే సాగే పెద్ద బాట తోకైదో. దారిలో 53 మజిలీలు, మొదలూ చివరా కలుపుకుంటే 55 బొమ్మలు. ఎదో దాటగానే వచ్చే మొదటి మజిలీ షినగావా. ఒక పక్క కొండ మొదలు, దాని కింద బాట, బాట పొడుగునా టీ దుకాణాలు. మరో పక్క సముద్రం. ఒడ్డుకి దగ్గర్లో లంగరేసిన పడవలు, దూరంగా తెరచాపలు. బాట మీద ఎవరో సామంతుడి ఊరేగింపు వెళ్తోంది. వెళ్తోంది అనడం కన్నా వెళ్లిపోయింది అనాలి. ఆ ప్రభువు మనకి కనపడడు. ఊరేగింపు తోక మాత్రం మిగిలింది. నాకు హిరోషిగే అంటే ఇష్టం ఇందుకే. దొర వెళ్లిపోయాక మిగిలే చివరి నలుగురు మనుషుల్ని గీసి, మిగతా కాగితమంతా నీళ్లకీ ఆకాశానికీ ఇచ్చేస్తాడు.

ఆ నీళ్ల నీలం కూడా రేవు గుండా వచ్చిందే. జపాన్ వాళ్లు దాన్ని "బెరో-ఆయ్" అన్నారు, అంటే బెర్లిన్ నీలిమందు. ఐరోపాలో పుట్టిన ప్రష్యన్ బ్లూ నాగసాకిలో దిగి, 1830 ప్రాంతానికి చవకై, బొమ్మల అచ్చులోకి వచ్చింది. అది రాకపోతే హిరోషిగే సముద్రాలు లేవు, హొకుసాయ్ అల లేదు.

ఆ రేవు ఇప్పుడు లేదు. నేను ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు ఒక ఆదివారం పనిగట్టుకుని వెళ్లాను. షినగావా అంటే ఇప్పుడు బుల్లెట్ రైలు ఆగే పెద్ద స్టేషన్. దాని దక్షిణాన కిత-షినగావాలో పాత తోకైదో బాట సన్నటి బజారు వీధిగా ఇంకా మిగిలే ఉంది. దాని మీద నిలబడి సముద్రం ఎటు అని చూస్తే ఎటూ లేదు. పూడ్చుకుంటూ పోయారు. 1853లో అమెరికా నుంచి పెర్రీ నల్ల ఓడలు వచ్చాక, భయంతో షినగావా ఎదురుగా నీళ్లలో ఫిరంగి దిబ్బలు కట్టారు. వాటికి కావలసిన మట్టి పక్కనున్న గొతెన్‌యామా కొండని తవ్వి తెచ్చారు. ఆ తవ్వేసిన కొండని కూడా హిరోషిగే తన చివరి రోజుల్లో ఒక బొమ్మలో గీశాడు. తర్వాతి తరాలు ఆ పనినే పెద్ద ఎత్తున కొనసాగించాయి. నేను వెళ్లినప్పుడు బజారు వెనక ఒక ఇరుకు కాలవలో పదో పదిహేనో పడవలు కట్టేసి ఉన్నాయి, వాటి వెనక అద్దాల భవనాలు. అంతే. ఆ సాయంత్రమే పాత పుస్తకాల వీధి జింబోచోలో ఈ బొమ్మ కొన్నాను. షాపాయన ఏమీ దాచలేదు, "ఇది పాతది కాదు, తర్వాత మళ్లీ చెక్కించి వేసింది" అని సగం ఇంగ్లిష్‌లో సగం సైగల్లో చెప్పాడు. ధర కూడా అలాగే ఉంది. రెండు పూటల భోజనం ఖర్చు.

సరే, ఇప్పుడు ఆ అబద్ధం సంగతి. అది "ఒరిజినల్" అనే మాట.

చెక్క అచ్చు బొమ్మ ఎలా పుడుతుందో చూడండి. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీతలు గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి చెర్రీ పలక మీద అతికించి, కాగితం పైనుంచే కత్తి దింపుతాడు. గీత మిగులుతుంది, చుట్టూ ఉన్న చెక్క పోతుంది, కాగితమూ పోతుంది. హిరోషిగే చేత్తో గీసిన కాగితం అంటూ ఉంటే అది ఆ పలక మీదే చిత్తయిపోయింది. అంటే ఈ కళలో "ఒరిజినల్" అనేది పుట్టుకలోనే చస్తుంది, దాన్ని చంపితేనే బొమ్మ మొదలవుతుంది. ఆ తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. అచ్చు వేసేవాడు పలక మీద బ్రష్షుతో రంగు పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొరలో చుట్టిన "బరెన్" అనే గుండ్రటి దిమ్మెతో వీపు మీద రుద్దుతాడు. మా సీనియర్ టార్చి వేసి వెతికింది ఆ రుద్దుడు గుర్తులే. ఆకాశంలో ఎరుపు కింద నుంచి పైకి పోను పోను పల్చబడుతుంది చూశారా, దాన్ని "బొకాషి" అంటారు. అది పలకలో ఉండదు. అచ్చు వేసేవాడు ప్రతి కాగితానికీ ముందు తడి గుడ్డతోనో బ్రష్షుతోనో పలక మీద రంగుని తనే తుడిచి పల్చన చేయాలి. అంటే షినగావాలో తెల్లవారుజాము ప్రతి కాగితంలోనూ కొంచెం వేరు. ఆ తెల్లవారుజాముని చేసింది హిరోషిగే కాదు. పేరు తెలియని ఒక మనిషి మణికట్టు.

వీళ్లందరికీ కూలి ఇచ్చి, కాగితం కొని, పలకలు తన దగ్గర పెట్టుకుని, ఏ రంగు ఎక్కువ అమ్ముడవుతుందో చూసుకునేవాడు ప్రచురణకర్త. బొమ్మ మీద హక్కు అతనిది. ఒక విడతకి 200 కాగితాలు అనేది ఆ వృత్తిలో వాడుక లెక్క. అమ్ముడుపోతే ఇంకో 200. తోకైదో బొమ్మలు విపరీతంగా అమ్ముడుపోయాయి. పలకలు అరిగాయి, కొన్ని భాగాలు మళ్లీ చెక్కారు, రంగులు మార్చారు. షినగావాకే రెండు రూపాలున్నాయి. ఒకదాని మీద "సూర్యోదయం" అని ఉంటుంది, ఊరేగింపులో మనుషులు తక్కువ. ఇంకోదాని మీద "ప్రభువుల ప్రయాణం" అని ఉంటుంది, జనం ఎక్కువ. రెండూ హోఎయిదోవే, రెంటి మీదా హిరోషిగే పేరే. ఇందులో ఒరిజినల్ ఏది? మార్కెట్టు మొదటిదాన్నే ఎక్కువగా ఇష్టపడుతుంది. మొదటిది కాబట్టి. నాకూ అదే నచ్చుతుంది, కానీ కారణం వేరు, జనం తక్కువైతే సముద్రం ఎక్కువ కనపడుతుందని.

సాహిత్యం చదివే మనం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక పుస్తకం పన్నెండో ముద్రణ చదివినవాణ్ని నువ్వు నకలు చదివావని ఎవరైనా అంటారా? మొదటి ముద్రణ దాచుకోవడం ఒక సరదా, నాకూ ఉంది. పాత అట్ట, పాత అక్షరాలు, వెనక పేజీలో రెండు రూపాయల ధర. కానీ మిగతా ముద్రణలు అబద్ధమని అనం. మళ్లీ చెక్కిన అచ్చు ఇంకా నయం, అది ఫోటో కాపీ కాదు. ఒక మనిషి ఆ గీతల్ని చదువుకుని, అర్థం చేసుకుని, మళ్లీ చేత్తో పలికించినది. త్యాగరాజ కీర్తన పాడే విద్వాంసుణ్ని ఒరిజినల్ ఎక్కడ అని అడగం. బాగా పాడాడా లేదా అని అడుగుతాం. నా గోడ మీది షినగావాని కూడా అలాగే అడగండి. గీత తడబడిందా? ఆకాశం మురికిగా ఉందా? కాగితం చచ్చుగా ఉందా? చెత్త రీకట్లు బోలెడు ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకురాను. కొత్తదాన్ని పాతదిగా అమ్మేవాడు దొంగ, అందులో రెండో మాట లేదు. నా గొడవల్లా, బాగుందో లేదో చూడకుండానే "రీకట్" అనే ఒక్క మాటతో బొమ్మని కొట్టిపారేసే అలవాటు మీద.

ఈ అలవాటు ఎక్కడిదో వెతికితే దాని చరిత్ర తమాషాగా ఉంటుంది. ఎదోలో ఈ బొమ్మల ధర ఒక గిన్నె నూడుల్స్ ధరకి అటూ ఇటూ ఉండేదని చరిత్రకారులు చెబుతారు. హొకుసాయ్ గీసిన కనగావా పెద్ద అల కూడా అంతే. వేల కాగితాలు వేసి ఉంటారు, ఇప్పుడు లెక్కకి తేలినవి వందకి పైచిలుకు. 2023 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వాళ్లు అందులో ఒకటి 27.6 లక్షల డాలర్లకి అమ్మారు. అది ఎంత తొందరగా వేసిన అచ్చో తేల్చడానికి నిపుణులు ఏం చూస్తారో తెలుసా? అలని కాదు. మూలన పేరు రాసిన పెట్టె గీతలో ఎక్కడ ఎంత విరిగిందో చూస్తారు. అదే అల 2024 జులై నుంచి జపాన్ వెయ్యి యెన్ల నోటు వెనక ఉంది. ఆ నోటుతో ఇవాళ టోక్యోలో ఒక గిన్నె నూడుల్స్ వస్తాయి. ఇన్ని తిరుగుళ్లు తిరిగి అల తన పాత ధరకే చేరిందని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

మధ్యలో జరిగింది వ్యాపారం. 1878 ఎగ్జిబిషన్‌కి పారిస్ వెళ్లిన హయాషి తదమాస అనే ఆయన అక్కడే ఉండిపోయి, ఫ్రెంచి వాళ్లకి వేలకి వేల బొమ్మలు అమ్మాడు. అమ్మిన వాటి మీద తన చిన్న ముద్ర ఒకటి వేసేవాడు. ఇప్పుడు బొమ్మ మీద ఆ ముద్ర ఉంటే ధర పెరుగుతుంది. కొట్టువాడి ముద్ర! చెక్కినవాడి పేరు తెలియదు, రంగు అద్దినవాడి పేరు తెలియదు, అమ్మినవాడి ముద్రకి మాత్రం రేటు ఉంది. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కడుతున్న రోజుల్లో బొమ్మలు కొని తన దేశంలో డబ్బున్నవాళ్లకి అమ్మేవాడు. కొన్నింటికి రంగులు కొత్తగా అద్దారని తర్వాత బయటపడి నానా రభస అయింది, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందులో నాకు ఆసక్తి కలిగించేది మోసం కాదు. రంగు వెలిసినదైనా "అసలుది" కావాలి, కానీ వెలిసినట్టు కనపడకూడదు. ఆ ఆశని తీర్చడానికి ఎవడో ఒకడు దొరుకుతూనే ఉంటాడు.

రైట్ దగ్గర కొన్న వాళ్లలో బోస్టన్ అన్నదమ్ములు స్పాల్డింగ్‌లు ఉన్నారు. వాళ్లు 1921లో దాదాపు 6,500 బొమ్మల్ని బోస్టన్ మ్యూజియానికి ఇచ్చేశారు, ఒక షరతుతో. వాటిని ఎప్పుడూ ప్రదర్శనకి పెట్టకూడదు. గోడకెక్కితే వెలుగు సోకుతుంది, వెలుగు సోకితే రంగు పోతుంది. అందుకని 6,500 బొమ్మలు నూరేళ్లుగా చీకటి సొరుగుల్లో ఉన్నాయి. మొదటిసారి ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు తగ్గింది. ఎందుకంటే పాత పూల రంగులు నిజంగానే నిలవవు, హిరోషిగేకి ముందు వాడిన లేత నీలాలు ఎండకి బూడిదవుతాయి. ఆ రంగులు ఒకప్పుడు ఎలా ఉండేవో ఇవాళ మనకి తెలుస్తోందంటే ఆ అన్నదమ్ముల పిసినారితనం వల్లనే. ఇప్పుడు వాటి డిజిటల్ ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. కాబట్టి దాచేవాళ్లంతా మూర్ఖులని నేను అనను. మ్యూజియం దాచాలి, దాని పనే అది. మా సీనియర్ బీరువా మ్యూజియం కాదు. అక్కడ దాగుతున్నది రంగు ఒక్కటే కాదు, రీసేల్ కూడా.

ఇరవయ్యో శతాబ్దానికొచ్చేసరికి జపాన్ ప్రచురణకర్తలకి ఈ కిటుకు బాగా అర్థమైంది. వతనబే షోజబురో అనే ఆయన పాత పద్ధతిలో కొత్త బొమ్మలు వేయించి, ఎక్కువగా విదేశీయులకి అమ్మడం మొదలుపెట్టాడు. వాటినే షిన్-హంగా అంటారు. కవాసే హసుయి గీసిన వాన, మంచు, వెన్నెల రేవులు మీలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లో చూసే ఉంటారు. స్టీవ్ జాబ్స్ హసుయి బొమ్మలు కొనేవాడని తెలిశాక అవి ఇంకా ఎక్కువ తిరుగుతున్నాయి. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంతో భూకంపం, దాని వెంట మంటలు వతనబే దుకాణాన్నీ పలకల్నీ బొమ్మల్నీ బూడిద చేశాయి. హసుయి స్కెచ్ పుస్తకాలు కూడా పోయాయి. ఇవాళ కేటలాగుల్లో "భూకంపానికి ముందు" అనేది ఒక గ్రేడు. లక్ష మందికి పైగా చచ్చిపోయిన రోజు అది. ఆ మాటని ధర పక్కన చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అన్నిటికన్నా వింత యోషిదా హిరోషి కథ. ఆయన 1925 నుంచి సొంతంగా చెక్కేవాళ్లనీ అచ్చువేసేవాళ్లనీ పెట్టుకుని బొమ్మలు వేయించాడు. తనూ కత్తి పట్టడం, బరెన్ పట్టడం నేర్చుకున్నాడు, పనివాళ్ల వెనకే నిలబడేవాడు. నిక్కో ఆలయ ద్వారం బొమ్మ ఒకదానికి 96 సార్లు అచ్చు వేయించాడంటే ఆయన పట్టుదల ఎలాంటిదో చూడండి. అంచులో "జిజురి" అనే చిన్న ముద్ర వేసేవాడు. మాట ప్రకారం "స్వయంగా అచ్చు వేసినది" అని అర్థం. నిజానికి చాలావరకు అది ఆయన కళ్ల ముందు, ఆయన జీతమిచ్చిన మనుషుల చేత్తో వేసినది. ఆయన 1950లో పోయాక, కుటుంబం అవే పలకల మీద అచ్చు వేయించింది. వాటికి ఆ ముద్ర లేదు, పెన్సిల్ సంతకం బదులు అచ్చు సంతకం ఉంటుంది. అవే పలకలు. ధర మాత్రం జిజురి ఉన్నదాంతో పోలిస్తే చాలా కింద. పలక అరుగుతుంది, పెద్దాయన కన్ను పోయింది, తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ రంగు వెలిసి, మరకపడి, అంచు మాత్రం భద్రంగా ఉన్న జిజురి బొమ్మకి మనుషులు ఎగబడటం నేను ఆన్‌లైన్ వేలాల్లో చూశాను. పక్కనే నిగనిగలాడే తర్వాతి అచ్చు, అడిగే దిక్కు లేకుండా ఉంటుంది.

అదే యోషిదా 1926లో సెతో లోతట్టు సముద్రం మీద తెరచాప పడవల్ని గీశాడు. దాదాపు అవే పలకలు, ఆరు వేళలు. ఉదయం, పొద్దెక్కాక, మధ్యాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి. ఒకే పడవ, ఒకే నీడ, రంగు మారితే వేళ మారుతుంది. చెక్క అచ్చు అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. ఒక పలకలో ఎన్నో ఉదయాలు దాగుంటాయి, అచ్చు వేసేవాడు వాటిని బయటికి తీస్తాడు. దీన్ని మార్కెట్ ఎలా అర్థం చేసుకుందంటే, "ఆరూ కలిసి సెట్ ఉంటే ధర బాగా వస్తుంది" అని.

ఇదే యోషిదా 1930-31లో మన దేశం వచ్చి తాజ్‌మహల్, కాశీ, అజంతా, ఎల్లోరా గీసుకెళ్లి, టోక్యోలో చెక్కించాడు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలోది. ఈ సంగతి మా సీనియర్‌కి సంబరంగా చెబితే ఆయన మొదటి మాట, "అజంతాకి జిజురి దొరుకుతోందా?"

ఇంతకీ ఇందులో ఎవరికి ఏం నష్టం? ఎవరి డబ్బు వాళ్లిష్టం కదా అంటారు. నష్టపోయేది ఇప్పుడు చెక్కుతున్నవాళ్లు. టోక్యోలో అదాచి ఫౌండేషన్ లాంటి చోట్ల ఇవాళ్టికీ యువకులు, ఎక్కువకాలం ఆడవాళ్లకి చోటివ్వని ఈ పనిలో యువతులు కూడా, ఏళ్ల తరబడి చెక్కడం, అచ్చు వేయడం నేర్చుకుంటున్నారు. వెంట్రుక వాసి గీత పలకలో నిలవాలంటే గట్టి కొండ చెర్రీ చెక్క కావాలి, అది అరుదైపోతోంది. పదుల సార్లు తడిసి, రుద్దుడికి చిరగకుండా, ముడుచుకోకుండా ఉండే కాగితం ఎచిజెన్‌లో చేతితో చేస్తారు. ఆ కాగితం చేసే ఇవానో ఇచిబెయిని జపాన్ ప్రభుత్వం "జీవించి ఉన్న జాతీయ నిధి"గా గుర్తించింది. వీళ్లందరికీ పని ఎప్పుడు దొరుకుతుంది? ఎవరైనా కొత్తగా చెక్కించినప్పుడు, కొత్తగా వేయించినప్పుడు. హిరోషిగే షినగావాని మళ్లీ చెక్కడమే వాళ్లకి పాఠశాల. ఆ గీతల మీద చెయ్యి తిరిగితేనే రేపు ఎవరో కొత్త బొమ్మ తెచ్చినప్పుడు చెక్కగలరు. వేలంలో 27 లక్షల డాలర్లు చేతులు మారితే, అందులో ఒక్క సెంటు కూడా కత్తి పట్టినవాడికి చేరదు. ఒకరి బీరువాలోంచి ఇంకొకరి బీరువాలోకి పోతుంది. రెండు పూటల భోజనం ఖర్చుకో, పది పూటల ఖర్చుకో ఒక రీకట్ కొంటే, అందులో కొంత ఎక్కడో ఒక చెక్కేవాడి కూలిలోకి ఎప్పుడో వెళ్లి ఉంటుంది. అలాంటిదాన్ని "కలెక్టబుల్ కాదు" అని ఈసడించడమంటే, ఆ పని నేర్చుకుంటున్న పిల్లకి నీ చెయ్యి దండగ అని చెప్పడమే. నాకు కోపం వచ్చింది ఇందుకు.

ఈ తగువు మన వైపు నుంచి చూస్తే ఇంకా తేలికగా అర్థమవుతుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మచిలీపట్నంలాంటి కోరమండల్ రేవుల నుంచి అద్దకం బట్టలు ఓడల్లో జపాన్ తీసుకెళ్లారు. జపాన్‌లో వాటిని "సరస" అన్నారు. అక్కడి టీ వేడుకల మనుషులు వాటికోసం తహతహలాడేవారు. నిండు బట్ట దొరక్కపోతే చింకి ముక్క దొరికినా కుట్టించి, టీ పొడి డబ్బాకి చిన్న సంచీ చేసుకునేవారు. పాత ఓడల్లో వచ్చిన సరసకి ప్రత్యేకమైన పేరు, ప్రత్యేకమైన మోజు. అంటే సేకరణ పిచ్చి వాళ్లకీ ఉంది, మన బట్ట మీదే ఉంది. కానీ ఆ సంచీని చేత్తో పట్టుకునేవారు, ముడి విప్పేవారు, కట్టేవారు, వచ్చినవాళ్లకి చూపించేవారు. మన పెడనలో ఇవాళ్టికీ టేకు చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. అచ్చు అరిగితే చెక్కేవాడు అదే లతని మళ్లీ చెక్కుతాడు. పెడన దుప్పటి కొనేటప్పుడు ఎవరైనా ఇది మొదటి అచ్చుదా, మళ్లీ చెక్కిన అచ్చుదా అని అడగ్గా విన్నారా? అడిగితే ఆ నేస్తం మనల్ని ఎగాదిగా చూస్తాడు.

మా సీనియర్ ఇది చదువుతాడని తెలుసు. ఆయన జవాబు కూడా తెలుసు: "పాతదాంట్లో ఆ రోజుల గాలి ఉంటుంది తమ్ముడూ, కొత్తదాంట్లో రాదు." ఉంటుంది. ఒక్కసారి ఆయన బీరువా తీసి ఒక పాత హిరోషిగే నా చేతిలో పెట్టాడు. కాగితం మెత్తగా, ఒంటికి అంటుకునే పాత పంచెలా ఉంది, నీలం కాగితంలోకి దిగిపోయి ఉంది. కాసేపు మాట రాలేదు నాకు. ఆ పూట ఆయన కూడా వీపు చూడలేదు, ఇద్దరం బొమ్మే చూశాం. ఆ తర్వాత ఆయన మళ్లీ దాన్ని అట్టల మధ్య పెట్టి తాళం వేశాడు. ఎన్నాళ్లయింది అన్నా, మళ్లీ తీశావా? పోయినసారి అడిగితే ఇన్సూరెన్సు కోసం ఫోటో తీసినప్పుడు తీశాను అన్నావు.

నా షినగావా పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. తప్పు చోటే, ఒప్పుకుంటాను. వేసవిలో నాలుగింటికి ఎండ నేరుగా పడుతుంది. ఆకాశం కింది అంచున ఎర్రటి పట్టీ కొన్నప్పటికన్నా కొంచెం పల్చబడింది. అమ్మ కనిపెట్టింది. "తెల్లారిపోతున్నట్టుంది రా దీనికి," అంది. కర్టెన్ కొందామన్నాను. పూర్తిగా వెలిసిపోతే అప్పుడు ఇంకోటి కొందాంలే, చెక్కేవాళ్లున్నారన్నావుగా అని, కాఫీ గ్లాసు తీసుకుని మళ్లీ దాని ముందుకెళ్లి నిలబడింది.